అంతా పచ్చగానే ఉంది

2019 జులై 15 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ మార్క్-3 రాకెట్ చంద్రయాన్-2ను మోసుకుని పైకి లేవాలి. అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ స్వయంగా చూడ్డానికి వచ్చి ఉన్నారు. సూళ్లూరుపేట మీదుగా పులికాట్ దాటి వచ్చిన జనం సందర్శకుల గ్యాలరీలో ఆకాశం వైపు చూస్తున్నారు. దేశంలో సగం టీవీలు ఆ అర్ధరాత్రి శ్రీహరికోట మీదే ఉన్నాయి. కౌంట్‌డౌన్ గడియారం 56 నిమిషాల 24 సెకన్ల దగ్గర ఆగిపోయింది. కాసేపటికి ఇస్రో నుంచి చాలా చిన్న ప్రకటన వచ్చింది. రాకెట్ వ్యవస్థలో సాంకేతిక లోపం కనిపించిందని, ముందుజాగ్రత్తగా ఆ రోజు ప్రయోగాన్ని విరమించుకున్నామని, కొత్త తేదీ తర్వాత చెబుతామని దాని సారాంశం.

జనం ఉసూరుమంటూ ఇళ్లకు మళ్లారు. మర్నాటి పత్రికల్లో అది నిరాశ వార్త. నిజానికి ఆ రాత్రి శ్రీహరికోటలో ఒక సంస్థ చాలా కష్టమైన పని ఒకటి చేసింది. సాక్షాత్తు దేశాధినేత ఎదురుగా ఉండగా, ఇంధనం నింపిన రాకెట్ సిద్ధంగా ఉండగా, ‘ఇవాళ కాదు’ అనగలిగింది.

ఆ మాట దానికి ఊరికే రాలేదు. దాదాపు నలభై ఏళ్ల కిందట అదే దీవిలో దాన్ని నేర్చుకోవాల్సి వచ్చింది.

1979 ఆగస్టు 10న భారతదేశం తన మొదటి ఉపగ్రహ వాహక నౌక ఎస్‌ఎల్‌వీ-3ని ప్రయోగించింది. అది 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువు, నాలుగు దశలు ఉన్న రాకెట్. ప్రాజెక్టు డైరెక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం. చివరి నిమిషాల్లో తనిఖీలు చేసే కంప్యూటర్ ప్రయోగాన్ని నిలిపేసింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో లీకు ఉందని చూపించింది. నిపుణులు లెక్కలు చూసి, కారింది పోగా మిగిలింది చాలు, వెళ్లొచ్చు అన్నారు. కలాం కంప్యూటర్‌ను పక్కనబెట్టి ప్రయోగానికే మొగ్గారు. మొదటి దశ చక్కగా మండింది. రెండో దశలో రాకెట్ అదుపు తప్పింది. అయిదు నిమిషాలు దాటిందో లేదో, అది బంగాళాఖాతం పాలైంది. రెండో దశను దారిలో నిలిపి ఉంచాల్సిన నైట్రిక్ యాసిడ్ ఒక వాల్వ్‌లోంచి ముందే కారిపోయిందని తర్వాత తేలింది.

ఈ కథలో తెలుగు పాఠకులందరికీ తెలిసిన భాగం వేరే ఉంది. ఆ రోజు విలేకరుల ముందుకు కలాంను పంపకుండా ఇస్రో ఛైర్మన్ సతీష్ ధవన్ తానే వెళ్లి వైఫల్యాన్ని నెత్తిన వేసుకున్నారు. మరుసటి ఏడాది జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం కలాంనే ముందుకు తోశారు. వ్యక్తిత్వ వికాస తరగతుల నుంచి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల దాకా ఈ ఉదంతం తిరగని చోటు లేదు. మంచి కథే, తిరగాల్సిందే. కానీ దానికంటే ముందరి నిమిషాలున్నాయి. యంత్రం ఆగమంటే మనుషులు పదమన్న ఆ నిమిషాలను కలాం దాచుకోలేదు, సభల్లో తానే చెప్పుకున్నారు. వినేవాళ్లు మాత్రం విలేకరుల సమావేశాన్నే పట్టుకున్నారు.

సంస్థలు ప్రాజెక్టులను ఎలా నడుపుతాయని అడిగితే చార్టులు, సాఫ్ట్‌వేర్లు, కమిటీలు, సర్టిఫికెట్లు చూపిస్తారు. వీటన్నిటి కింద ఉన్న పని ఒక్కటే. స్పానర్ పట్టుకున్నవాడికి తెలిసిన సంగతి, సంతకం పెట్టేవాడికి ఆలస్యం కాకముందే తెలియాలి. అది చెడ్డ సంగతి అయినప్పుడు మరీ త్వరగా తెలియాలి. ఎంత గొప్ప పద్ధతినైనా ఈ ఒక్క గీటురాయి మీద గీసి చూడొచ్చు.

పద్ధతులకేం కొదవ లేదు. ఎడమవైపు పనుల పేర్లు, పైన తేదీలు, మధ్యలో అడ్డపట్టీలతో ఇవాళ ప్రతి ఆఫీసు గోడ మీదా కనిపించే గాంట్ చార్టు అమెరికన్ ఇంజనీర్ హెన్రీ గాంట్ పేరు మీద 1910ల్లో ప్రచారంలోకి వచ్చింది. పోలండ్ ఇంజనీర్ కరోల్ అదమియెత్స్కి అటువంటి పటాన్నే 1896లో గీశాడు. ఆయన రాసింది ఇంగ్లీషులో కాదు కాబట్టి పేరు గాంట్‌కు దక్కింది. 1957లో డూపాంట్ రసాయనాల కంపెనీలో మోర్గన్ వాకర్, రెమింగ్టన్ ర్యాండ్ కంపెనీకి చెందిన జేమ్స్ కెల్లీ కలిసి క్రిటికల్ పాత్ పద్ధతి తయారుచేశారు. వందల పనుల్లో ఏ వరసలోని పనులు ఒక్కరోజు జారినా మొత్తం ప్రాజెక్టు ఒక్కరోజు జారుతుందో అది లెక్కగట్టి చెబుతుంది. మిగతా పనులకు కాస్త వెసులుబాటు ఉంటుంది.

ఆ మరుసటి ఏడాది అమెరికా నౌకాదళం పెర్ట్ అనే పద్ధతిని తెచ్చింది. జలాంతర్గామి నుంచి ఎగిరే పొలారిస్ క్షిపణిని తయారుచేసే బాధ్యత రియర్ అడ్మిరల్ విలియం రేబర్న్ నడిపిన ప్రత్యేక కార్యాలయానిది. ప్రతి పనికీ మూడు అంచనాలు అడిగేవారు: అన్నీ కలిసొస్తే ఎన్నాళ్లు, మామూలుగా ఎన్నాళ్లు, ఏదీ కలిసిరాకపోతే ఎన్నాళ్లు. మధ్య అంచనాకు నాలుగు రెట్ల విలువ ఇచ్చి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తే ఆ పనికి పట్టే కాలం వస్తుంది. జేఎన్‌టీయూలో మేనేజ్‌మెంట్ సైన్స్ పేపర్ రాసిన ప్రతి బీటెక్ విద్యార్థీ పరీక్షకు ముందు రాత్రి బట్టీ పట్టిన సూత్రమే ఇది. 1960 జులై 20న జార్జ్ వాషింగ్టన్ అనే జలాంతర్గామి నీటి అడుగు నుంచి పొలారిస్‌ను ప్రయోగించింది. మొదట పెట్టుకున్న గడువు కంటే ఎంతో ముందే పని అయిపోయింది. దాంతో ప్రపంచమంతా పెర్ట్ జపం మొదలైంది.

1972లో హార్వే సపోల్‌స్కీ అనే పరిశోధకుడు ఆ ప్రాజెక్టు చరిత్ర రాస్తూ చల్లగా ఒక రహస్యం బయటపెట్టాడు. క్షిపణి తయారుచేసిన ఇంజనీరింగ్ విభాగాలు పెర్ట్‌ను పెద్దగా పట్టించుకోలేదట. పని వాళ్ల పాత పద్ధతుల్లోనే సాగింది. గోడల నిండా చార్టులు, అత్యాధునిక కంప్యూటర్ లెక్కలు చూసి పై అధికారులు, చట్టసభ సభ్యులు ముగ్ధులయ్యారు. వీళ్లకు అంతా తెలుసు, మనం మధ్యలో వేలు పెట్టనక్కర్లేదు అనుకున్నారు. ఆ రకంగా పెర్ట్ ప్రాజెక్టుకు చేసిన మేలు పెద్దదే. రేబర్న్ బృందానికి ఊపిరాడేంత స్వేచ్ఛ దొరికింది. అయితే ఇతర సంస్థలు కాపీ కొట్టింది ఆ స్వేచ్ఛను కాదు, గోడ మీది చార్టును.

ఆ గోడ ఇప్పుడు హైదరాబాద్ హైటెక్ సిటీలో ల్యాప్‌టాప్ తెరగా మారింది. శుక్రవారం మధ్యాహ్నం స్టేటస్ రిపోర్టు వెళ్లాలి. ప్రతి పనికీ ఒక రంగు చుక్క ఉంటుంది: ఆకుపచ్చ అంటే క్షేమం, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ప్రమాదం. ఒక చుక్క రంగు మార్చుకుంటూ మెట్లెక్కే తీరు చూడాలి. కోడ్ రాసే కుర్రాడు తన లీడ్‌తో అంటాడు: ‘అన్నా, పేమెంట్ దగ్గర ఇంటిగ్రేషన్ అస్సలు కుదరట్లేదు. ఎందుకో ఇంకా తెలీలేదు. ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేను.’ లీడ్ దాన్ని ‘ఇంటిగ్రేషన్‌లో కొన్ని ఇబ్బందులున్నాయి, టీమ్ చూస్తోంది’ అని రాసి పసుపు చుక్క పెడతాడు. మేనేజర్ ‘ఇంటిగ్రేషన్ జరుగుతోంది’ అంటూ పచ్చ, పసుపుల మధ్య రంగేదైనా ఉందా అని వెతుకుతాడు. డైరెక్టర్ స్లైడ్ మీదకు వచ్చేసరికి ఒకే ఒక్క ఆకుపచ్చ చుక్క మిగులుతుంది. నలుగురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక్కొక్కరు ఒక్కో విశేషణం తగ్గించారు, అంతే. ఇలాంటి ప్రాజెక్టులకు సాఫ్ట్‌వేర్ లోకంలో పుచ్చకాయ అని పేరుంది. బయట పచ్చన, కోస్తే ఎర్రన. విడుదలకు రెండు వారాల ముందు ఎవరో కోస్తారు.

ఎందుకిలా అంటే పిరికితనం అని కొట్టిపారేయడం తేలిక. లెక్క వేరే ఉంది. ఎర్ర చుక్క పెట్టినవాడికి ఆ సాయంత్రం నుంచే రోజూ రెండు అదనపు మీటింగులు పడతాయి. ‘రూట్ కాజ్’ పత్రం రాయమంటారు. పక్క టీమ్‌లో నలుగుర్ని తెచ్చి అప్పగిస్తారు. వాళ్లకు పని నేర్పడానికే ఉన్నవాళ్ల సమయం హరించుకుపోతుంది. ఐబీఎంలో సిస్టమ్ 360 ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే ఈ మాట పుస్తకం రాసి మరీ చెప్పాడు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులోకి మనుషుల్ని పోస్తే అది ఇంకా ఆలస్యమవుతుందన్నాడు. అయిదుగురున్న బృందంలో ఇద్దరిద్దరు మాట్లాడుకోవడానికి 10 దారులుంటాయి. పదిమంది అయితే 45. మనుషులు రెట్టింపైతే మాటలు నాలుగు రెట్లకు పైనే పెరుగుతాయి. ఇదంతా తెలిసిన లీడ్ పసుపు చుక్కతో సరిపెట్టి, వారాంతం ఆఫీసులో కూర్చుని ఎలాగోలా నెట్టుకురావాలని చూస్తాడు. చాలాసార్లు నెట్టుకొస్తాడు కూడా. అదే ఈ పద్ధతిలోని అసలు చిక్కు. దాచిపెట్టడం ఎప్పుడూ బెడిసికొట్టేదైతే ఎవరూ దాచరు.

చుక్కల తర్వాత శాతాలు. ‘తొంభై శాతం అయిపోయింది’ అన్న మాట ఎన్ని వారాలైనా తొంభై దగ్గరే ఉండటం ఐటీ కంపెనీల్లోనే కాదు, ఇల్లు కట్టించుకున్న ప్రతివాళ్లకూ అనుభవమే. శాతం అంటే చేసిన పనిని మొత్తం పనితో భాగించడం. మొత్తం పని ఎంతో ముందే తెలిసి ఉండాలి, అయిన పని అయినట్టే ఉండాలి. రెండింటికీ హామీ లేదు.

పోలవరం కంటే దీనికి సాక్ష్యం ఏం కావాలి? స్పిల్‌వే ఇంత శాతం, కుడి కాలువ ఇంత, ఎడమ కాలువ ఇంత అన్న పట్టికలు ఆంధ్రప్రదేశ్‌లో పత్రిక చదివే అందరికీ కంఠతా వచ్చినంత పని. నది అడుగున ఇసుక పొరల్లోంచి నీరు జారిపోకుండా ప్రధాన డ్యామ్ కింద కట్టే కాంక్రీటు గోడ, డయాఫ్రమ్ వాల్, 2018లో పూర్తయింది. పట్టికలో ఆ గడిలో నూరు పడింది. తర్వాతి ఏళ్ల గోదావరి వరదల్లో ఆ గోడ దెబ్బతింది. మరమ్మతు చేయాలా, కొత్తది కట్టాలా అన్న చర్చ ఏళ్లు సాగి, చివరికి కొత్త గోడ పని 2025 జనవరిలో మొదలైంది. తప్పు ఎవరిదన్న దాని మీద రాజకీయ పక్షాలు ఇప్పటికీ వాదించుకుంటున్నాయి. ఇక్కడ ఆ తీర్పుతో పని లేదు. పట్టిక సంగతి చూస్తే చాలు. నూరు పడిన గడి మళ్లీ సున్నాకు రావడమన్నది దాని ఊహలో లేదు. ఏ పని తర్వాత ఏ పని జరగాలి, వరద కాలం వచ్చేలోగా ఏది పూర్తయి ఉండాలి, ఏది సగంలో ఉండకూడదు అన్న వరసే అక్కడ ప్రాణం. శాతానికి వరస తెలియదు.

ఇంకో మాట. ఆ పట్టికల్లో కాంక్రీటు క్యూబిక్ మీటర్లకు ఉన్నంత చోటు మనుషులకు లేదు. పోలవరం ముంపు వల్ల కదలాల్సిన కుటుంబాలు లక్షకు పైనే. వాళ్లకు ఇళ్లు, భూమి, పరిహారం అందకుండా జలాశయాన్ని పూర్తి మట్టానికి నింపడానికి వీల్లేదు. అంటే క్రిటికల్ పాత్ డ్యామ్ మీదుగా ఎంత పోతుందో పునరావాస కాలనీల మీదుగా అంతే పోతుంది. కాంక్రీటు పోసిన రికార్డుకు సంబరం చేసుకోవచ్చు, తప్పులేదు. ఇళ్ల తాళాలు ఇచ్చిన లెక్కను కూడా అంత పెద్ద అక్షరాల్లో వేసి ఉంటే బాగుండేది.

అంకెలు తప్పుగా చెప్పడం ఒక ఎత్తు. సరైన అంకె స్లైడ్ మీదే ఉండి కూడా కంటికి ఆనకపోవడం మరో ఎత్తు. కల్పనా చావ్లా ప్రాణాలు తీసిన కొలంబియా ప్రమాదం భారతీయులకు మరపురానిది. 2003 జనవరి 16న షటిల్ లేచిన నిమిషంన్నర లోపే ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఒకటి ఎడమ రెక్కకు తగిలింది. వీడియో చూసిన ఇంజనీర్లకు గుండె జారింది. కక్ష్యలో ఉన్న షటిల్ రెక్కను నిఘా ఉపగ్రహాలతోనో శక్తిమంతమైన టెలిస్కోపులతోనో ఫొటో తీయించమని అడిగారు. ఆ విన్నపాలు మేనేజర్ల దగ్గరే ఆగిపోయాయి. ఈలోగా నష్టాన్ని అంచనా వేసిన బృందం పవర్‌పాయింట్ స్లైడ్లు తయారుచేసింది. వాటిలో ఒకదాని మీద, పెద్ద శీర్షికలో ధైర్యం కలిగించే మాట ఉంది. అట్టడుగున, చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంది: ఈ అంచనాకు ఆధారమైన పరీక్షల్లో వాడిన నురుగు ముక్క పరిమాణం 3 ఘనపు అంగుళాలు, రెక్కకు తగిలిన ముక్క అంచనా పరిమాణం 1920. అంటే 640 రెట్లు. ఆ పరీక్షలు దీనికి పనికిరావని చెప్పే అంకె అది. ఫిబ్రవరి 1న షటిల్ తిరిగివస్తూ ముక్కలైంది. ఏడుగురు చనిపోయారు. దర్యాప్తు సంఘం తన నివేదికలో ఆ స్లైడ్‌ను ప్రత్యేకంగా అచ్చువేసి, సాంకేతిక పత్రాలు రాయాల్సిన చోట స్లైడ్లతో సరిపెట్టే అలవాటును తప్పుపట్టింది.

నాసాలో అంతకు పదిహేడేళ్ల ముందే ఛాలెంజర్ షటిల్ పేలింది. చలికి రబ్బరు వలయాలు పనిచేయవని, ప్రయోగం ఆపమని కాంట్రాక్టరు కంపెనీ ఇంజనీర్లు ముందు రాత్రే మొత్తుకున్నారు. వాళ్ల మేనేజర్లే వాళ్ల మాట తోసేశారు. చివరి నిర్ణయం తీసుకున్న నాసా పెద్దలకు ఆ గొడవ జరిగిన సంగతే చేరలేదు. అన్ని వేల పేజీల దర్యాప్తు నివేదిక రాసుకున్న సంస్థ మళ్లీ అదే గుంటలో పడిందంటే, తెలివితేటలు తక్కువై కాదు. ప్రయోగం తేదీ, బడ్జెట్, మనుషుల జీతాలు, భద్రత అన్నీ ఒకే నిచ్చెన మీద ఉన్నాయి. తేదీకి జవాబుదారీ అయినవాడే భద్రతకూ జవాబుదారీ అయితే, తేదీ ప్రతివారం కనిపిస్తుంది, భద్రత ప్రమాదం నాడు కనిపిస్తుంది.

సంస్థ నిర్మాణం అనే ఎండిపోయిన మాటకు ప్రాణం వచ్చేది ఇక్కడే. ఇస్రోలో ఒక రాకెట్ ప్రాజెక్టుకు ప్రాజెక్టు డైరెక్టర్ ఉంటారు. ఆయన దగ్గర పనిచేసే ఇంజనీర్లంతా ఆయన మనుషులు కారు. ఒకరు తిరువనంతపురం విక్రమ్ సారాభాయ్ కేంద్రం వారు, ఒకరు ద్రవ ఇంధన కేంద్రం వారు, ఒకరు బెంగళూరు ఉపగ్రహ కేంద్రం వారు, ఇంకొకరు శ్రీహరికోట వారు. ఇలాంటి ఏర్పాటులో మనిషికి ఇద్దరు పైఅధికారులు. ఒకరు ‘ఎప్పటికవుతుంది?’ అంటారు, ఇంకొకరు ‘సరిగ్గా చేశావా?’ అంటారు. పుస్తకాలు దీన్ని మాట్రిక్స్ అంటాయి. పనిచేసేవాళ్లు వేరే పేర్లు పెడతారు, అవి అచ్చువేయదగినవి కావు. సెలవు ఎవరిని అడగాలో తెలియని ఆ గందరగోళంలోనే ఒక సుగుణం ఉంది. ప్రాజెక్టు డైరెక్టర్ కాదన్నంత మాత్రాన ఆ ఇంజనీరు నోరు మూతపడదు, అతనికి ఇంకో తలుపు ఉంది. ఈ ఏర్పాటుకు పైన ప్రయోగ సంసిద్ధతను సమీక్షించే కమిటీ ఉంటుంది. ప్రయోగానికి అనుమతి ఇచ్చే బోర్డు మరొకటి. ఈ సమీక్షల్లో రాకెట్ తయారుచేసినవాళ్లే కాక, తయారీలో చెయ్యి పెట్టని అనుభవజ్ఞులూ కూర్చుని ప్రశ్నలు అడుగుతారు. ప్రశ్నలు అడగడమే వాళ్ల ఉద్యోగం. సొంతంగా నెత్తిన పెట్టుకున్న తేదీ వాళ్లకు లేదు.

ప్రశ్నించే, ఆపే ఈ అధికారాన్ని టొయోటా ఇంకా కిందికి తీసుకెళ్లింది. కార్ల అసెంబ్లీ లైను పక్కన ఒక తాడు వేలాడుతుంది. తన చేతిలో పని కుదరడం లేదనిపించిన ఏ కార్మికుడైనా దాన్ని లాగొచ్చు. వెంటనే టీమ్ లీడర్ పరుగెత్తుకొస్తాడు. కాసేపట్లో తేలకపోతే లైనే ఆగుతుంది. కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ గొడవలకు, గైర్హాజరీకి పేరుమోసి 1982లో మూతపడింది. లైను ఎట్టిపరిస్థితుల్లో ఆగకూడదన్నది అక్కడి చట్టం. లోపమున్న కారును కూడా ముందుకు పంపి చివర్లో బాగుచేసుకునేవారు. 1984లో టొయోటా భాగస్వామ్యంలో అదే చోట, చాలావరకు అదే కార్మికులతో, చేతికి తాడు ఇచ్చి ఫ్యాక్టరీ మళ్లీ తెరిచారు. నాణ్యతలో అది అమెరికాలోని మేటి ఫ్యాక్టరీల సరసన చేరింది. తాడు ఒక్కటే కారణమనడం అన్యాయం, శిక్షణ మారింది, యాజమాన్యం మారింది. కానీ తాడు కట్టి, లాగినవాణ్ని తిట్టే ఫ్యాక్టరీలు లోకంలో చాలానే ఉన్నాయి. అక్కడ తాడు దుమ్ముపట్టి ఉంటుంది.

ఇంతా చెప్పాక రెండో వైపు కూడా వినాలి. ఆగడం ఉచితం కాదు. ప్రతివాడూ తాడు లాగే ఆఫీసులో ఏ పనీ తెమలదు. కమిటీ మీద కమిటీ వేసి, సంతకం మీద సంతకం పేర్చి, ఎవరికీ బాధ్యత లేకుండా చేసిన ప్రభుత్వ ఫైళ్లు మన దగ్గర కావలసినన్ని. 150 కోట్ల రూపాయలు, ఆపైన విలువున్న కేంద్ర ప్రాజెక్టుల ఆలస్యాలను, పెరిగిన ఖర్చులను కేంద్ర గణాంక శాఖ ఏళ్లుగా నివేదికల్లో లెక్కగట్టి చూపిస్తోంది. భూసేకరణ, అటవీ అనుమతులు, కాంట్రాక్టు తగాదాలు అంటూ కారణాలు వాటిలో అలవాటుగా తిరిగొస్తూనే ఉంటాయి. తెలిసిన ఎర్ర చుక్కలు ఏళ్ల తరబడి ఎర్రగానే ఉండిపోతాయి. చెడ్డ సంగతి పైకి చేరడం సగమే, చేరినచోట ఎవరో ఒకరు లేచి నిలబడాలి.

ఈ. శ్రీధరన్ గొప్పదనం అక్కడే. కొంకణ్ రైల్వేలోనూ, తర్వాత ఢిల్లీ మెట్రోలోనూ ఆయన పని జరిగేచోట్ల వెనక్కి లెక్కించే గడియారాలు పెట్టించారు. ముహూర్తానికి ఇంకెన్ని రోజులుందో కూలీ నుంచి చీఫ్ ఇంజనీరు దాకా రోజూ చూడాల్సిందే. ఢిల్లీ మెట్రో మొదటి దశలోని 65 కిలోమీటర్లూ గడువు కంటే ముందే పూర్తయ్యాయి. గడియారం ఒక్కటే ఈ పని చేసిందనుకుని అనేక శాఖలు గడియారాలు కొన్నాయి. శ్రీధరన్ దగ్గర గడియారంతో పాటు ఇంకోటి ఉంది. టెండర్లు, నియామకాలు, చెల్లింపుల మీద నిర్ణయాలు ఆయన చేతిలోనే ఉండేవి. అడిగినవాడికి జవాబు ఢిల్లీ సచివాలయం చుట్టూ తిరిగి రావాల్సిన అవసరం ఉండేది కాదు. 2009 జులైలో నిర్మాణంలో ఉన్న మెట్రో వంతెన కూలి కార్మికులు చనిపోయినప్పుడు ఆయన అదే రోజు రాజీనామా ఇచ్చారు. ప్రభుత్వం దాన్ని ఒప్పుకోలేదు. గడియారాన్ని అమితంగా నమ్మిన మనిషి కూడా దాన్ని సాకుగా వాడుకోలేదు.

తేదీకీ జాగ్రత్తకీ మధ్య దారి ఎలా దొరుకుతుందో 2019లో శ్రీహరికోట చూపించింది. జులై 15న ఆగిన రాకెట్ లోపం సరిచేసుకుని 22 మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలకు లేచింది. వారం పోయింది కదా, చంద్రుడి మీద దిగే తేదీ కూడా వారం జరగాలి. జరగలేదు. సెప్టెంబరు మొదటి వారంలోనే దిగాలన్న లెక్క అలాగే నిలిచింది. చంద్రుడి చుట్టూ తిరుగుతూ గడపాల్సిన రోజుల్ని సగానికి పైగా కోసేసి సర్దుబాటు చేశారు. చంద్రుడి మీద పగలు పద్నాలుగు భూదినాలే. తెల్లవారిన కొత్తలో దిగితేనే ల్యాండర్, రోవర్ సౌరశక్తితో పూర్తి కాలం పనిచేయగలవు. కదపలేని తేదీ అది. కదపగలిగిన రోజులు మొదటి ప్రణాళికలోనే దాచిపెట్టి ఉంచారు కాబట్టి ‘ఇవాళ కాదు’ అనడం సాధ్యమైంది. ప్రతి రోజునూ పనితో నింపేసి, గోడ మీది చార్టులో ఒక్క ఖాళీ లేకుండా గీసిన ప్రణాళిక చూడముచ్చటగా ఉంటుంది. దానితో ఎవరికీ ఆగే ధైర్యం రాదు.

ఆ సెప్టెంబరులో ల్యాండర్ చంద్రుడి దగ్గరి దాకా వెళ్లి కూలిపోయింది. అదీ పద్ధతుల పరిధి. ఎంత పద్ధతిగా నడిపినా ప్రాజెక్టు విఫలం కావచ్చు. తర్వాత వచ్చిన చంద్రయాన్-3 గురించి అప్పటి ఇస్రో ఛైర్మన్ ఎస్. సోమనాథ్ చెప్పిన సంగతి ఆసక్తికరమైనది. కిందటిసారి అన్నీ సరిగ్గా జరుగుతాయనుకుని రూపకల్పన చేశామని, ఈసారి ఏమేం చెడిపోవచ్చో వాటి నుంచి మొదలుపెట్టామని ఆయన వివరించారు. సెన్సర్ చెడితే? ఇంజను సరిగా మండకపోతే? అనుకున్న వేగానికి మించి దిగితే? కాళ్లు బలపరిచారు, ఇంధనం పెంచారు, వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ పరికరం అదనంగా పెట్టారు. దిగే చోటును అర కిలోమీటరు చదరం నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు అది దిగింది.

మామూలు ఆఫీసులకు ఈ పద్ధతిని మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లైన్ 2007లో ఒక వ్యాసంలో పరిచయం చేశాడు. ప్రాజెక్టు మొదలుపెట్టే రోజున అందరినీ కూర్చోబెడతారు. ఏడాది గడిచింది, ప్రాజెక్టు ఘోరంగా విఫలమైంది, ఎందుకు విఫలమైందో ఒక్కొక్కరు చీటీ మీద రాయండి అంటారు. విఫలం కావచ్చా అని అడిగితే నోరు మెదపని వాళ్లు, అయిపోయిందనుకోమంటే గబగబా రాసేస్తారు. ఆ తీరున నడిపిన హైదరాబాద్ సమావేశంలో ఏ చీటీలు వస్తాయో ఊహించడం కష్టం కాదు. బ్యాంకు వాళ్ల టెస్ట్ సర్వర్ చెప్పిన తేదీకి రాదు. పాత డేటాబేస్ తెలిసిన ఒకే ఒక్క మనిషికి వీసా వచ్చింది, వేసవిలో వెళ్లిపోతుంది. క్లయింటు సంక్రాంతికి కావాలంటున్నాడు గానీ ఏం కావాలో ఇంకా తేల్చలేదు. ఈ ఎస్టిమేట్ మేం ఇచ్చింది కాదు, సేల్స్ వాళ్లు ముందే ఒప్పుకున్నది. చీటీ మీద పేరు ఉండదు కాబట్టి చేతిరాత గుర్తుపట్టకుండా కొందరు పెద్దక్షరాల్లో రాస్తారు. కాఫీ విరామం తర్వాత మేనేజర్ వాటిని కుప్పలుగా పేర్చి బోర్డు మీద అతికిస్తాడు. సాయంత్రం కొత్త ప్లాన్ మెయిల్‌లో వస్తుంది. చీటీలు రాసినవాళ్లు తేదీల వైపు చూడరు. ముందు తమ చీటీ అందులో ఎక్కడైనా ఉందా అని వెతుక్కుంటారు.